ఫిలింనగర్‌లో అద్దె ఇంటి వేట

(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో అద్దె ఇల్లు వెతకడం ఇంత పని అయి వుండదు. అయి వుంటే ఆ సామెతలో దానికీ ఒక ముక్క దక్కేది. నాలుగు వాటాల ఇంట్లో ఒక వాటా ఖాళీ అయితే పక్కింటి పిన్నిగారే కబురు పెట్టేవారు. ఇంటివారూ మనమూ ఒకే నూతిలో నీళ్లు తోడుకునేవాళ్లం. ఇప్పుడు రెండు వందల కాపురాలున్న భవనంలో మనది నాలుగో అంతస్తు, ఇంటి యజమాని అమెరికాలో, ఆయన బావమరిది కూకట్‌పల్లిలో, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. ఇక బేరం ఎవరితో ఆడాలి?

ఈ మధ్య మా అక్కయ్య కూతురికి ఇల్లు వెతకడానికి రెండు నెలలు జూబిలీహిల్స్, ఫిలింనగర్, షేక్‌పేట వీధులన్నీ తిరిగాను. అల్లుడిది ఒక సినిమా స్టూడియోలో ఎడిటింగు పని. రాత్రి ఏ రెండింటికో ఇంటికి వస్తాడు. అంచేత దగ్గరలోనే కావాలి. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మీతో చెప్పుకుందామని వచ్చాను.

జూబిలీహిల్స్ అనగానే, "అమ్మో, అక్కడ మనకెందుకు, సినిమా తారలుండే చోటు" అనుకుంటాం. నిజమే. 1960లలో ఏర్పడిన గృహనిర్మాణ సహకార సంఘం ఆ రాతిగుట్టల మీద వేసినవి బంగళాల ప్లాట్లు. లోపలి రోడ్లలో నేటికీ బంగళాలే ఎక్కువ, గేటు దగ్గరే మనల్ని ఆపేస్తారు. కాని గుట్ట దిగుతూ వుంటే, ఫిలింనగర్ కింది వైపు, షేక్‌పేట వైపు, జర్నలిస్టు కాలనీ చుట్టుపక్కల, ఆవలి పక్క శ్రీనగర్ కాలనీలో, యూసుఫ్‌గూడలో మనలాంటి మధ్యతరగతివాళ్లుండే అపార్ట్‌మెంట్లు బోలెడు.

సినిమావాళ్లు ఇక్కడికి రావడం ఒక్కరోజులో జరిగింది కాదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950లలోనే వచ్చింది. 1959లో వచ్చిన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమా. పేరులోనే ఇల్లు వుంది చూడండి! 1970లలో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో, తర్వాత పద్మాలయా, 1980ల చివర ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. మద్రాసులో కోడంబాకం, వడపళని వీధుల్లో అద్దెకున్న తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటే సామాను సర్దుకుని ఇక్కడికి వచ్చేశాయి. తారలకు కొండ మీద బంగళాలు. లైట్లు పట్టేవారు, మేకప్పు వేసేవారు, గుంపులో నటించేవారు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో. మధ్యరకం వాళ్లు అపార్ట్‌మెంట్లలో. ఎవరి అద్దె ఎంతో వాళ్లు వుండే ఎత్తును బట్టి చెప్పవచ్చు.

ఇక వెతకడం సంగతి. టు లెట్ బోర్డుల కాలం పూర్తిగా పోలేదు. ఫోనులో బొమ్మలు చూపించే యాప్‌లు చాలానే వున్నాయి గాని, వాటిలో వున్న ఇల్లు మనం అడిగేసరికి "నిన్ననే పోయిందమ్మా, ఇంకోటి చూపిస్తాను" అంటారు. ఆ ఇంకోటే అసలు బేరం. బ్రోకర్లు మామూలుగా ఒక నెల అద్దె కమీషనుగా అడుగుతారు. ఇద్దరు బ్రోకర్లు కలిసి చూపించినా ఇచ్చేది ఒక కమీషనే అని ముందే తేల్చుకోండి. ఇల్లు చూపించినందుకే ఐదు వందలో, వెయ్యో పెట్టమనేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ఒక మోసం గురించి గట్టిగా చెప్పాలి. బొమ్మల్లో ఇల్లు అందంగా వుంటుంది, అద్దె సగం. ఫోను చేస్తే, "నేను సైన్యంలో వున్నానండి, బదిలీ మీద వెళ్లిపోతున్నాను, టోకెను పంపితే మీకోసం ఆపుతాను" అంటాడు. నమ్మకం కోసం ఏదో గుర్తింపు కార్డు కూడా పంపుతాడు. ఇల్లు కళ్లతో చూడకుండా, లోపల కాలు పెట్టకుండా ఒక్క రూపాయి పంపకండి. ఇళ్లు అద్దెకిచ్చే ఆడవాళ్లకూ ఇదే వల వేస్తారు. "అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. పొరపాటున పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

నన్నడిగితే అన్నిటికంటే మంచి బ్రోకరు వాచ్‌మన్ భార్య. మగవాళ్లు వాచ్‌మన్‌తో మాట్లాడతారు, అతను ఓనరు చెప్పమన్నదే చెబుతాడు. ఆమె కింద సంపు పక్కన గదిలో కాపురం వుంటుంది. ఏ ఫ్లాటులో ఎవరు ఎందుకు ఖాళీ చేశారో ఆమెకు తెలియనిది లేదు. ఫిలింనగర్‌లో ఒక పెద్ద భవనంలో మా అమ్మాయికి ఫ్లాటు తెగ నచ్చింది. తూర్పు ద్వారం, వంటగదిలోకి పొద్దున్నే ఎండ. కిందకు దిగాక వాచ్‌మన్ భార్య దగ్గర నిలబడి, "ఏమ్మా, నీళ్లెలా వస్తాయి?" అన్నాను.

"బాగానే వస్తాయమ్మగారూ."

"ఎండాకాలం ట్యాంకర్లు ఎన్నొస్తాయి?"

ఆమె ఒక్క క్షణం ఆగి, "పోయినేడాది రోజుకి ఎనిమిది దాకా వచ్చినయి. డబ్బులు ఫ్లాటుకింత అని పంచుతారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "చిన్నపిల్లలున్నారా అమ్మా? ఐతే పై అంతస్తు వద్దు. మోటారు చెడితే నీళ్లు మోసుకోవాల్సిందే," అని చెప్పింది.

ఈ సంగతి ఏ యాప్‌లో రాస్తారు చెప్పండి?

ఆ కొండలంతా రాయి. బోరు ఎంత లోతు వేసినా ఎండాకాలంలో నీరు ఎప్పుడు తప్పుకుంటుందో చెప్పలేం. జలమండలి నీళ్లు ఒకటి, బోరు నీళ్లు ఒకటి, ట్యాంకరు నీళ్లు ఒకటి. మూడింటికీ లెక్క వేరు. 2021 జనవరిలో ప్రభుత్వం ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా నీరిచ్చే పథకం మొదలుపెట్టింది, అపార్ట్‌మెంట్లకైతే ఫ్లాటుకింత అని లెక్క. దాన్ని పట్టుకుని "నీళ్లు ఫ్రీయే కదమ్మా" అనే ఓనర్లున్నారు. ట్యాంకరు ఫ్రీ కాదు. అంచేత మెయింటెనెన్సు ఎంత అని అడిగి వూరుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎంత కట్టారో ఆ రసీదులు చూపించమనండి. నీళ్లు చూడడానికి వెళ్లేది పొద్దున ఏడింటికి వెళ్లండి, అందరూ కుళాయిలు తిప్పే వేళకు. మధ్యాహ్నం మూడింటికి ఏ ఇంట్లోనైనా ధార బాగానే వుంటుంది.

గుట్ట మీద కట్టిన భవనాల్లో ఇంకో చమత్కారం. ముందు రోడ్డు నుంచి చూస్తే మొదటి అంతస్తు, వెనక రోడ్డు నుంచి చూస్తే నాలుగోది. "గ్రౌండ్ ఫ్లోర్ అండి, అత్తగారికి సుఖం" అని చూపించిన ఫ్లాటుకి వెళ్లడానికి వెనక నుంచి నలభై మెట్లు ఎక్కాల్సి వచ్చింది మాకు. పోర్షను వెనకగోడ కొండకు ఆనుకుని వుంటే వానాకాలంలో చెమ్మ పడుతుంది. బీరువా వెనక గోడ తడిమి చూడండి. కొత్తగా రంగు వేసిన గోడైతే మరీ తడిమి చూడండి. మెట్రో దగ్గరే అంటే నడిచి చూడాలి. 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చాక జూబిలీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మ గుడి స్టేషన్లు దగ్గరైన మాట నిజం. కాని ఫిలింనగర్ నుంచి అక్కడికి ఎత్తుపల్లాల దారి. కూరల సంచీతో రోజూ నడవగలిగేది కాదు. ఆటో ఖర్చు అద్దెలో కలిపి లెక్క వేసుకోండి.

గదులు చూసేటప్పుడు మగవాళ్లు హాలు చూస్తారు, మనం చూడవలసింది వేరే. గిన్నెలు తోముకునే చోటుందా, బట్టలు ఎక్కడ ఆరెయ్యాలి? చాలా భవనాల్లో బాల్కనీ రెయిలింగు మీద బట్టలు ఆరెయ్యకూడదని రూలు. గ్యాసు బండ పెట్టే చోటు ఎక్కడ? పనిమనిషి ఏ లిఫ్టులో రావాలి? వేరే లిఫ్టు అంటే నాకు మనసు చివుక్కుమంటుంది, కాని అడిగి తెలుసుకోక తప్పదు. కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకు మాత్రమేనా, ఇంట్లో ఫ్యాన్లకు కూడానా? మెట్ల దారిలో సైకిళ్లూ, పాత సోఫాలూ అడ్డంగా పడేసి వుంటే ఆ భవనం గురించి నేను రెండోసారి ఆలోచించను. అగ్గి పుట్టినప్పుడు దిగాల్సింది ఆ మెట్ల మీదనే, లిఫ్టులో కాదు. 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ అనుమతి వుండాలి. ఆ కాగితం వుందా అని అసోసియేషన్ సెక్రటరీని అడిగితే తప్పేం లేదు.

1,400 చదరపు అడుగులంటే లోపల అంత వుంటుందనుకోకండి. అందులో మెట్లు, లిఫ్టు, వరండా, గోడలు మన వాటాగా కలిపేస్తారు. మన మంచం వేసుకునేది కార్పెట్ ఏరియాలో. 2016 నాటి రెరా చట్టం అమ్మకాలకు ఆ కార్పెట్ ఏరియా చెప్పమంటుంది. అద్దెకు మనమే టేపు పట్టుకెళ్లి కొలుచుకోవాలి. పుట్టింటి బీరువా కొలత రాసుకుని వెళ్లడం మంచిది.

బేరం ఎప్పుడు ఆడాలి అన్నది మనవాళ్లకు పంచాంగమే చెబుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బడుల రోజులు, ఇళ్లకు గిరాకీ, ఓనరు మాట రాయి మీద గీత. ఆషాఢం వచ్చిందా, ఎవరూ ఇల్లు మారరు. భాద్రపదమూ, పుష్యమూ అంతే. ఇల్లు ఖాళీగా వుంటే ఓనరుకు గుండె గుబగుబ. ఆషాఢంలో వెళ్లి మాట్లాడి, శ్రావణం మొదటివారంలో పాలు పొంగిస్తామని చెప్పి, అద్దె ఆ రోజు నుంచి లెక్క పెట్టమనండి. మా అమ్మాయికి అలా నెలకు రెండు వేలు తగ్గింది. పట్టింపు లేనివాళ్లు ఆషాఢంలోనే చేరిపోతే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. అద్దెకిస్తున్న మనిషి ఆ ఇంటి యజమానేనా? ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు మీద పేరు ఎవరిదో చూడండి. బావమరిదో, తమ్ముడో సంతకం పెడుతుంటే యజమాని ఇచ్చిన అధికారపత్రం చూపించమనండి. అద్దె యజమాని బ్యాంకు ఖాతాకే పంపండి, చేతికివ్వకండి.

నాకు తెలిసిన ఒక ఇల్లాలు మూడు నెలల అద్దె, లక్షా ఇరవై వేలు, అడ్వాన్సు ఇచ్చి ఒక పెద్ద భవనంలో చేరింది. చక్కని ఫ్లాటు. ఆర్నెల్లు సుఖంగా వున్నారు. ఒక మధ్యాహ్నం పిల్లవాడు బడి నుంచి వచ్చేసరికి తలుపు మీద ఒక నోటీసు అంటించి వుంది. యజమాని అప్పు కట్టడం లేదు, ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని అప్పిచ్చినవాళ్లు పెట్టిన నోటీసు. పిల్లవాడు దాన్ని చదివి, "అమ్మా, మన ఇల్లు ఎవరో తీసేసుకుంటారట," అన్నాడు. యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు, ఒక నెలైనా అద్దె ఆలస్యం చెయ్యలేదు. కాని నెలన్నరలో ఇల్లు మారాల్సి వచ్చింది. అడ్వాన్సు నేటికీ పూర్తిగా రాలేదు. కొత్త ఇంటి అడ్వాన్సుకు చేతి గాజులు కుదువ పెట్టింది.

ఇంటి మీద అప్పుండడం తప్పు కాదు, సగం ఫ్లాట్లు అప్పుతో కొన్నవే. వాయిదాలు కడుతున్నారా అన్నదే ప్రశ్న. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల దగ్గర ఈసీ తీస్తే రిజిస్టరైన తనఖాలు కనిపిస్తాయి. అన్నీ కనిపిస్తాయని చెప్పలేం. అందుకని నోరు విప్పి అడగండి. అడిగి, "ఈ ఇంటి మీద అప్పు వాయిదాలు బాకీ లేవు, బాకీ పడి ఖాళీ చెయ్యవలసి వస్తే అడ్వాన్సు వెంటనే వాపసు ఇస్తాను" అని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి. "అదేమిటమ్మా, మీరు మమ్మల్ని నమ్మరా" అంటారు. మనం ఇచ్చే అడ్వాన్సూ ఆ నమ్మకంలో భాగమేనని చెప్పండి.

అడ్వాన్సు ఎంత అన్నదానికి ఇక్కడి వాడుక రెండు మూడు నెలలు. బెంగుళూరులో పది నెలలు అడిగిన రోజులున్నాయి. కేంద్రప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలు మించకూడదంటుంది, కాని అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్న చోటే చెల్లుతుంది. పాత 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వుంది కదా అనుకుంటారు. 2005 సవరణతో నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని పరిధిలోంచి తప్పుకున్నాయి. ఫిలింనగర్‌లో ఆ అద్దెకు ఇల్లెక్కడ వస్తుంది? అందువల్ల మనకు దిక్కు మనం రాసుకున్న అగ్రిమెంటూ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూను.

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలనుకుని, ఆ ఖర్చు తప్పించుకోవడానికి రాసేదే పదకొండు నెలలు. నోటరీ ముద్ర వేస్తే రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు. ఒప్పందంలో ఏమీ రాయకపోతే నెలసరి అద్దెకు ఎవరైనా పదిహేను రోజుల నోటీసు ఇవ్వవచ్చునని ఆ పాత చట్టం. పదిహేను రోజుల్లో పిల్లల బడి, పాలవాడు, గ్యాసు అన్నీ సర్దుకుని ఎక్కడికి పోతాం? రెండు నెలలని రాయించండి. ఏడాదికి అద్దె ఎంత శాతం పెంచుతారో కూడా అంకెతో రాయించండి. "పరస్పర అంగీకారం" అని రాస్తే ఆ అంగీకారం ఎప్పుడూ మనదే అవుతుంది.

షూటింగులకు రెండు మూడు నెలలు వచ్చేవాళ్ల కోసం ఫిలింనగర్‌లో సామానుతో సహా ఇచ్చే ఫ్లాట్లు కూడా వున్నాయి. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీద మంచులో జారే ఆటల కోసం కట్టిన పెద్ద పెద్ద భవనాలున్నాయి. ఒక్కో భవనంలో వందల చిన్న ఫ్లాట్లు, వారానికింత అని అద్దె, శనివారం చేరి శనివారం ఖాళీ చెయ్యడం అక్కడ మామూలు. అక్కడ ఒక్క గది ఫ్లాటును స్టూడియో అంటారట. ఫిలింనగర్‌లో స్టూడియో కావాలంటే ఎక్కడికి తీసుకెళతారో మీకు తెలుసు! అక్కడివాళ్లు పాటించే పద్ధతి ఒకటి నాకు నచ్చింది. చేరిన రోజే చెంచాలు, గిన్నెలు, దుప్పట్లు, అన్నీ పట్టీ రాసి వుంటుంది. మనం లెక్క చూసుకుని, పగిలినవీ లేనివీ అప్పుడే చెప్పెయ్యాలి. పోయే రోజు ఆ పట్టీ ప్రకారమే అప్పగింత. మనమూ అలా చెయ్యవచ్చు. ఖాళీ ఇల్లే అయినా చేరిన రోజు గోడలు, కుళాయిలు, గీజరు, ఫ్యాన్లు, కరెంటు మీటరు అంకె, అన్నీ ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. తేదీ దానంతటదే పడుతుంది.

ఇప్పుడు చెప్పేది అద్దెకుండేవాళ్ల మాట కాదు, అసోసియేషన్ మీటింగుల్లో కూర్చునే మన మాట. ఇల్లు చూస్తున్నప్పుడు లిఫ్టులో ఒక అమ్మాయి పరిచయమైంది. విశాఖ వైపు పిల్ల, సినిమాల్లో దుస్తుల విభాగంలో పని. డబ్బుంది, పద్ధతిగా వుంది. పదకొండు ఇళ్లు చూసిందట. "సినిమావాళ్లకివ్వం" అని కొందరు, "పెళ్లికాని పిల్లకివ్వం" అని కొందరు. ఫిలింనగర్‌లో కాపురముంటూ సినిమావాళ్లకివ్వమనడం చేపలబజారులో కూర్చుని వాసన అన్నట్టుంది! ఒకచోట సెక్రటరీగారి భార్య, "రాత్రి ఎన్నింటికొస్తావు, నీకోసం ఎవరెవరొస్తారు?" అని అందరి ముందు అడిగారట. "మా అల్లుడు రాత్రి రెండింటికొస్తాడమ్మా, ఆయన్ని ఎవరూ అడగలేదు," అన్నాను. ఆ పిల్ల నవ్వింది గాని, ఆమె ఇంకా కృష్ణానగర్‌లో నలుగురితో ఒక గదిలో వుంటోంది. షూటింగు ముగిసి అర్ధరాత్రి ఒంటరిగా గుట్ట దిగి వెళుతోంది. మన భవనంలో ఆమెను వుండనిస్తే ఆ నడక తప్పేది. ఆ రూలు రాసింది ప్రభుత్వం కాదు, మనమే, కాఫీలు తాగుతూ. ఈసారి మీటింగులో ఆ కాగితం బయటికి తీయించి చదివించండి.

ఖాళీ చేసేటప్పుడు వచ్చే తగువు రంగులది. రెండేళ్లు కాపురమున్నాక గోడలు మాసిపోవూ? ఆ 1882 చట్టమే వాడుకలో సహజంగా వచ్చిన అరుగుదల అద్దెదారు మీద పడదంటుంది. పగలగొట్టినదానికి మనం బాధ్యులం, మాసినదానికి కాదు. అయినా ఇక్కడి ఓనర్లు ఒక నెల అద్దె రంగులకని పట్టేసుకోవడం వాడుక చేసుకున్నారు. ఎంత పట్టుకుంటారో చేరేటప్పుడే రాయించుకోండి. ఆఖరి కరెంటు బిల్లు, మెయింటెనెన్సు కట్టిన రసీదులు చేతిలో పెట్టుకుని, అడ్వాన్సు ఖాతాలో పడ్డాక తాళంచెవి ఇవ్వండి. అన్ని తాళంచెవులూ, లిఫ్టు కార్డూ ఇచ్చినట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. ఆధార్‌లో, గ్యాసు పుస్తకంలో, పిల్లల బడిలో చిరునామా మార్పించడం మరిచిపోకండి. వాచ్‌మన్ భార్యకు ఒక చీర పెట్టండి.